వెతికిన చోటూ వెతకని చోటూ

రాపూరులో పదో తరగతి ముగించి వెళ్ళిన నేను వన్యప్రాణి పరిశోధకురాలినయ్యానని తెలిసిన మిత్రులు చాలామంది, నేలపట్టులో గూడబాతులను లెక్కపెట్టడమే నా పని అనుకుంటారు. ఆ పనీ ఇష్టంగానే చేశాను. అయితే నా పరిశోధనలో ఎక్కువ కాలం కంటికి దొరకని కలివి కోడి అనే అరుదైన పిట్టకే చెందింది.

ఈ పిట్టకు మన నెల్లూరు జిల్లాతో పాత బంధముంది. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డన్, అడవి సంగతులు యానాదులను అడిగి తెలుసుకుంటూ ఇక్కడి పక్షులను పరిశీలించాడు. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అని ఆయన పేరు మోస్తున్న ఈ పిట్టను 1848లో జంతు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరవాత అది పరిశోధకులెవరికీ కనబడలేదు. అంతరించిపోయిందని అందరూ నమ్ముతున్న కాలంలో, 1986 జనవరిలో, కడప జిల్లా సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లెలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు అది స్థానిక వేటగాళ్ళ సాయంతోనే మళ్ళీ దొరికింది. పండితులు పోయిందనుకున్న ప్రాణి ఊరివాళ్ళ ఎరుకలో ఉందన్న ఈ సంగతి నా పని తీరునే మార్చింది. అప్పటినుంచి ఏ కొత్త ప్రాంతానికి వెళ్ళినా ముందు గొర్రెల కాపరులతో మాట్లాడి, ఆ తరవాతే పటం విప్పుతాను.

కలివి కోడి రాత్రి తిరిగే పిట్ట. పొద్దుగూకాక కాసేపు రెండు స్వరాల కూత కూసి ఊరుకుంటుంది. అందుకే పొదల నడుమ ఖాళీ నేల మీద మెత్తటి మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారాక అడుగుజాడలు చూసే పద్ధతిని కడప జిల్లా లంకమల అడవుల్లో వాడారు. ఏటవాలు ఎండ ఉన్నంతసేపే జాడ అంచులు తేటగా తెలుస్తాయి. ముందుకు చాచిన మూడు వేళ్ళ గుర్తు ఉండి, వెనక వేలి గుర్తు లేకపోతే, వంగి కూర్చుని కొలతలు తీసుకోవాలి. పొద్దెక్కితే మట్టంతా ఒకే రంగై కళ్ళకు ఏమీ ఆనదు. రాత్రి ఆ దారిన మంద నడిచిందంటే ఇక ఆ పట్టీ మీద ఆశ వదులుకోవలసిందే.

జాడ దొరకని పట్టీని కూడా పుస్తకంలో రాయాలన్నదే నా శాస్త్రానికి ప్రాణం. హాజరు పట్టీలో పేరు పిలిచినా పలకని విద్యార్థి వేరు, అసలు పేరే పిలవని విద్యార్థి వేరు. వెతికినా దొరకని చోటూ, అసలు వెతకని చోటూ అలాగే వేరు. పిట్ట ఉన్న చోట ఒక రాత్రి వెతికితే ఆనవాలు దొరికే అవకాశం పదింట మూడు వంతులే అనుకుందాం. మూడు రాత్రులు వెతికినా అది మనకు తెలియకుండా పోయే అవకాశం ఇంకా మూడో వంతు దాకా మిగిలే ఉంటుంది. ఈ లెక్క చూసుకోకుండా, దొరికిన చోట్లు మాత్రమే కంప్యూటరుకిచ్చి గీయించిన, ప్రాణి ఎక్కడెక్కడ ఉందో చూపే విస్తరణ పటాలు తరచుగా రోడ్ల పటాలే అవుతాయి, ఎందుకంటే మనుషులు సులువుగా వెళ్ళగలిగిన చోట్లనుంచే సమాచారం వస్తుంది.

మంచి పటం విలువేమిటో తెలుగుగంగ కాలువ విషయంలో చూశాం. 2005లో తవ్వకం ఈ పిట్ట తిరిగే నేల మీదికి వచ్చినప్పుడు, అది ఎక్కడెక్కడ తిరుగుతుందో చూపే ఆధారాలు అప్పటికే సిద్ధంగా ఉండబట్టి కాలువ దారి మార్చడం సాధ్యమైంది.

వెలిగొండలకు పడమట కడప వైపు వెతికినంతగా, తూర్పున మన వైపు ఎవరూ వెతకలేదు. రాపూరు, ఉదయగిరి, సీతారామపురం ప్రాంతాల్లో కొండల కింది చిట్టడవి కొంత నిమ్మతోటలకూ, కొంత సర్కారు తుమ్మకూ పోతోంది. చిక్కటి అడవిలో గానీ, పూర్తిగా చదునుచేసిన పొలంలో గానీ ఈ పిట్ట బతకలేదు. పొదలకూ పొదలకూ మధ్య పరుగెత్తడానికి జాగా ఉండాలి. పనికిరాని బీడని మనం రాసేసే నేలే దానికి ఇల్లు.

ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలను ఒకటి కోరుతున్నాను. ఇంట్లో పెద్దలనూ, మందలు తోలేవాళ్ళనూ ఈ పిట్ట గురించి అడగండి. చెప్పిన మాట, చోటు, కాలం ఒక పుస్తకంలో రాసిపెట్టండి, తెలియదన్నవారి జవాబునూ వదలకండి. పట్టుకోవడానికి మాత్రం ప్రయత్నించవద్దు, ఫోనులో దాని కూత వినిపించి పిలవనూ వద్దు. ఆ పుస్తకాలను మీ సైన్సు ఉపాధ్యాయులకు అందించండి. వచ్చే శీతకాలం మట్టి పట్టీలు ఎక్కడ పరచాలో వాటిని చూసే నిర్ణయించుకుంటాను.