కిటికీలోంచి పడే ఎండ చాలదు: మా మింటుతో ఏడాది అనుభవం

మింటు మా ఇంట్లో పెరుగుతున్న ఊసరవెల్లి. వెయిల్డ్ కమీలియన్ అనే జాతి, సొంత ఊరు యెమెన్, సౌదీ అరేబియా వైపు, తల మీద కిరీటం పెట్టినట్టు ఎత్తుగా ఉంటుంది. మేముండేది డాలస్ దగ్గర. పోయినేడాది అక్టోబర్‌లో మావాడి పన్నెండో పుట్టినరోజుకి కొన్నాం, అప్పటికి దానికి మూడు నెలలు. జనవరి వచ్చేసరికి దాని ఎముకలు మెత్తబడిపోయాయి. అలా ఎందుకైందో, మళ్లీ ఎలా కోలుకుందో మొత్తం రాస్తున్నాను. ఆ రోజుల్లో రాత్రుళ్లు కూర్చుని వెతుక్కుంటున్నప్పుడు, ఇలాంటిది ఎవరైనా తెలుగులో రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ముందే ఒక మాట. ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదివి పొలం గట్టున కనిపించిన ఊసరవెల్లిని పట్టుకొచ్చి పెంచుదామని మాత్రం అనుకోవద్దు. మన దగ్గర ఉండేది వేరే జాతి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది, పట్టుకోవడమూ ఇంట్లో పెట్టుకోవడమూ నేరం. విషం ఉంటుందని రాళ్లతో కొట్టి చంపేవాళ్లూ ఉన్నారు. దానికి విషం లేదు, దాని మానాన దాన్ని వదిలేయండి.

తేడాగా ఉందని మొదట పసిగట్టింది మావాడే. "అమ్మా, మింటు నాలుక సరిగ్గా రావట్లేదు" అన్నాడు ఒక సాయంత్రం. ఊసరవెల్లి నాలుక విసిరితే ఒంటి పొడవుని మించి దూరం వెళ్తుంది, మన కంటికి ఆనేలోపు పురుగు నోట్లో ఉంటుంది. ఆ రోజు మింటు కీచురాయి మీద గురి పెట్టింది, నోరు తెరిచింది, నాలుక ఓ రెండంగుళాలు వచ్చి అక్కడే ఆగిపోయింది. దాన్ని మళ్లీ లోపలికి లాక్కోడానికి చాలాసేపు అవస్థ పడింది. మూడుసార్లు అలాగే అయ్యాక ఇక చాలన్నట్టు కళ్లు మూసేసుకుంది. దగ్గరికెళ్లి చూద్దును కదా, ముందు కాళ్లు మోచేతుల దగ్గర బయటికి వంగి ఉన్నాయి. ఊసరవెల్లి పాదం పటకారులా ఉంటుంది, రెండు వేళ్లు ఒకవైపు, మూడు వేళ్లు ఇంకోవైపు, వాటితో కొమ్మని బిగించి పట్టుకుంటుంది. మింటుకి ఆ పట్టు లేదు, కొమ్మ మీద సన్నగా వణుకుతూ కూర్చుంది. ఊసరవెల్లి పగటిపూట కళ్లు మూసుకుందంటే ఒంట్లో బాగాలేదని అర్థమట, నాకు అప్పటికి తెలియదు. నిద్రొస్తోంది కాబోలనుకుని లైటు తీసేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లలో చాలామంది వీటిని చూడరు. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే నలభై నిమిషాల దూరంలో సరీసృపాలను చూసే డాక్టరమ్మ ఒకావిడ దొరికింది, నాలుగో రోజుకి అపాయింట్‌మెంట్. ఆ నాలుగు రోజుల టెన్షన్ చెప్పలేను. ఆవిడ ఎక్స్‌రే తీసి గోడకున్న స్క్రీన్ మీద చూపించింది. ఎముకలు తెల్లగా, అంచులు గీసినట్టు కనపడాలి కదా, మింటు వెన్నెముక పొగ కమ్మినట్టు ఉంది, వెన్నుపూస ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియడం లేదు. మెటబాలిక్ బోన్ డిసీజ్ అంది. చిన్నపిల్లలకి వచ్చే రికెట్స్ లాంటిదే. నేను తిండి గురించి ఏదో చెప్పబోతుంటే ఆపి, "ముందు లైటు సంగతి చెప్పండి, ఏ లైటు, ఎప్పుడు కొన్నారు, దానికీ కొమ్మకీ మధ్య ఎంత దూరం?" అని అడిగింది. మూడిటికీ నా దగ్గర సరైన సమాధానం లేదు.

కొన్న షాపులో ఒక సెట్ మొత్తం కట్టి ఇచ్చారు. చిన్న గాజు తొట్టి, చుట్టలు చుట్టినట్టుండే చిన్న యూవీబీ బల్బు (యూవీబీ అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం), వేడికి ఇంకో బల్బు, అడుగున పరవడానికి చెక్క పొట్టు, నీళ్ల గిన్నె. అన్నీ కొత్తవే, శుభ్రంగా ఉన్నాయి, అందుకే అనుమానం రాలేదు. పైగా తొట్టిని దక్షిణం కిటికీ పక్కనే పెట్టి, ఎండ బాగా తగులుతోందిలే అని ధైర్యంగా ఉన్నాం. మా అసలు తప్పు అక్కడే జరిగింది. కిటికీ అద్దం వెలుతురునీ వేడినీ రానిస్తుంది కానీ యూవీబీ కిరణాలను దాదాపు మొత్తంగా ఆపేస్తుంది. ఊసరవెల్లి చర్మం మీద ఆ యూవీబీ పడితేనే ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది, డి3 ఉంటేనే తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి వెళ్తుంది. అది అందకపోతే గుండె కొట్టుకోడానికీ కండరాలు కదలడానికీ కావలసిన కాల్షియాన్ని ఒళ్లు సొంత ఎముకల్లోంచే తీసుకుంటుంది. మూడు నెలలుగా మింటు ఒంట్లో జరిగింది అదే, అదీ ఎదిగే వయసులో.

ఆ రోజు కాల్షియం ఇంజెక్షన్ చేసి, నోట్లో వెయ్యడానికి కాల్షియం మందు ఇచ్చారు. మోతాదు ఇక్కడ రాయను, అది బరువుని బట్టి డాక్టరే చెప్పాలి, ఎక్కువైనా ప్రమాదమే.

ఇంటికొచ్చి మొదట మార్చింది లైటు. టీ5 హెచ్‌ఓ అనే పొడుగు ట్యూబ్, 6 శాతం యూవీబీది, రెండడుగుల ఫిక్స్చర్‌తో సహా కొన్నాం. చుట్టల బల్బు నుంచి యూవీబీ కొద్ది దూరమే వస్తుంది, ఒక చిన్న చోటే పడుతుంది. ట్యూబ్ అయితే పంజరం వెడల్పంతా పరుచుకుంటుంది. ట్యూబ్‌ని పైన జాలీ మీద పెట్టి, అది ఎండ కాగే కొమ్మని దాని వీపుకీ ట్యూబ్‌కీ మధ్య ఎనిమిది తొమ్మిది అంగుళాలు ఉండేలా కట్టాం. ఇంకా దగ్గరైతే చర్మం, కళ్లు దెబ్బతింటాయి, దూరమైతే పని చెయ్యదు. టైమర్ పెట్టి పగలు పన్నెండు గంటలు వెలుగు, రాత్రి పూర్తి చీకటి. రాత్రి ఎర్ర బల్బు వెయ్యమని షాపులో చెప్పారు, డాక్టరమ్మ వద్దంది, రాత్రి చల్లబడితేనే దానికి మంచి నిద్ర. ఎండ కాగే చోట వేడి అంతకుముందు 95 ఫారెన్‌హీట్ దాకా ఉండేది, దాన్ని 80కి, అంటే సుమారు 27 సెల్సియస్‌కి దించాం. ఇంకో సంగతి, ట్యూబ్ వెలుగుతూనే ఉన్నా అందులోంచి వచ్చే యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, కంటికి తెలియదు. ఏడాదికి మార్చెయ్యాలి. కొన్న తేదీ మార్కర్‌తో ఫిక్స్చర్ మీదే రాసి పెట్టాను.

గాజు తొట్టి తీసేసి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న జాలీ పంజరం తెచ్చాం. కానీ మొదటి ఆరు వారాలు కొమ్మలన్నీ కింద, అరడుగు ఎత్తులోనే కట్టి, ట్యూబ్‌ని కూడా అందుకు తగ్గట్టు లోపలికి దించి వేలాడదీశాం, అడుగున మెత్తటి తువ్వాలు పరిచాం. ఎముకలు అంత మెత్తగా ఉన్నప్పుడు పైనుంచి పడితే విరిగిపోతాయి. చేత్తో గట్టిగా పట్టుకున్నా విరగొచ్చు, అందుకని మందు వేసేటప్పుడు తప్ప ముట్టుకోలేదు. చెక్క పొట్టు పూర్తిగా తీసేశాం, నాలుక విసిరినప్పుడు పురుగుతో పాటు నోట్లోకి వెళ్లి పేగుల్లో అడ్డుపడుతుందట. మొక్కలకి మనీప్లాంట్, చిన్న మందారం కుండీ పెట్టాం. ఈ జాతి ఆకులు కూడా కొరుకుతుంది కాబట్టి పురుగుమందు కొట్టని మొక్కలే ఉండాలి.

నీళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. గిన్నెలో కదలకుండా ఉన్న నీళ్లని ఇవి నీళ్లుగా గుర్తుపట్టవు. ఆకుల మీద మెరిసే చుక్కల్ని నాకుతాయి. పైన ఒక డబ్బాకి సన్నటి గొట్టం పెట్టి చుక్కచుక్కగా మనీప్లాంట్ ఆకు మీద పడేలా చేశాం, పొద్దున్నే, రాత్రి లైటు ఆరిపోయే ముందు నీళ్లు చల్లుతాం, పగలు ఆకులు ఆరిపోవాలి. చలికాలంలో హీటర్ వల్ల ఇంట్లో గాలి బాగా పొడిబారుతుంది, అందుకని రాత్రిపూట చల్లటి పొగమంచు వదిలే మెషిన్ పెడతాం. నీళ్లు చాలుతున్నాయా లేదా అన్నది రెట్ట చూస్తే తెలిసిపోతుంది. రెట్టలో తెల్లటి భాగం తెల్లగా ఉంటే సరే, నారింజ రంగుకి తిరిగితే నీళ్లు తక్కువైనట్టు. కళ్లు లోపలికి పీక్కుపోయినా అంతే.

తిండి దగ్గర నేను ఎక్కువ కష్టపడ్డాను, ఎక్కువ ఇష్టపడిందీ అదే. కీచురాళ్లలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. షాపు నుంచి తెచ్చినవి చాలాసార్లు ఆకలితో ఖాళీ పొట్టతో ఉంటాయి, అవి తిన్నా మింటుకి వచ్చేదేమీ ఉండదు. అందుకని వాటిని ఇంట్లో ఒకటి రెండు రోజులు మేపి అప్పుడు పెట్టాలి. డాక్టరమ్మ ఇచ్చిన చీటీలో కాలర్డ్ గ్రీన్స్, ఆవాకు, క్యారెట్, చిలగడదుంపతో పాటు మొరింగా అని కనిపించింది. మన మునగాకే! ఇండియన్ స్టోర్‌లో కట్టలు కట్టలు దొరుకుతుంది, మునగాకు పొడి మా వంటింట్లో ఎప్పుడూ ఉండేదే. పాలకూర మాత్రం వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. కీచురాళ్లతో పాటు డూబియా బొద్దింకలు, అప్పుడప్పుడు పట్టుపురుగులు. పెట్టే ముందు పురుగుల్ని కవర్లో వేసి డి3 లేని కాల్షియం పొడి సన్నగా అంటేలా కుదుపుతాం, డి3, విటమిన్లు కలిసిన పొడి నెలకి రెండుసార్లే. డి3 ఎక్కువైతే కిడ్నీలకి చేటు.

నోట్లో మందు వెయ్యడం మొదటి వారం నరకమే. నోరు బలవంతంగా తెరవడానికి వీల్లేదు, దవడ ఎముక కూడా రబ్బరులా ఉంది. మావాడే ఒక పద్ధతి కనిపెట్టాడు. కోపం వస్తే మింటు నోరు తెరిచి బుసకొడుతుంది కదా, దాని ముందు నెమ్మదిగా వేలు కదిపి, నోరు తెరిచిన క్షణంలో సిరంజితో ఒక్క చుక్క పెదవి పక్కన వేసేవాడు, అది చప్పరించాక ఇంకో చుక్క. పావుగంట పట్టేది. నాలుక పని చెయ్యనన్నాళ్లూ పురుగుల్ని పటకారుతో నోటి దాకా అందించాం. ప్రతి ఆదివారం వంటింటి డిజిటల్ త్రాసు మీద చిన్న కొమ్మ పెట్టి, సున్నా చేసి, దాని మీదకి ఎక్కించి తూచేవాళ్లం. మొదటి ఆదివారం 38 గ్రాములు. మూడో వారానికి 41. మార్చి మొదట్లో ఒక పొద్దున మావాడు స్కూల్‌కి తయారవుతూ అరిచిన అరుపుకి నేను పొయ్యి ఆపి పరుగెత్తాను, మింటు నాలుగంగుళాల అవతల ఉన్న బొద్దింకని నాలుకతో కొట్టి తీసుకుందట. నేను వెళ్లేసరికి నములుతోంది.

ఏప్రిల్‌లో మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చారు. మొదట్లో ఆ గది గుమ్మం కూడా తొక్కలేదు. తర్వాత తర్వాత ఆవిడే పొద్దున్నే పెరట్లోంచి మందార పువ్వు కోసి తెచ్చి పంజరంలో పెట్టేవారు, మింటు రేకులు చింపుకుని తింటుంటే నిలబడి చూసేవారు.

మే నెలలో రెండో గండం వచ్చింది. ఈ జాతి ఆడది మగదాని తోడు లేకపోయినా గుడ్లు పెడుతుందని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. ఆ గుడ్లలోంచి పిల్లలు రావు, కానీ ఒంట్లో తయారయ్యాయంటే బయటికి రావాల్సిందే, లోపల ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎముకల జబ్బు పడి లేచినదానికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మింటు ఒళ్లంతా పసుపు మచ్చలు, నీలి చుక్కలు తేలాయి, కొన్నాళ్లకి రంగు ముదిరి నల్లపచ్చగా అయింది, పొట్ట రెండు వైపులా ఉబ్బింది. బరువు 105 గ్రాములు. తిండి మానేసి అడుగున అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది.

అడుగు లోతు ప్లాస్టిక్ టబ్‌లో కడిగిన ఇసుక పోసి, వేలితో సొరంగం తవ్వితే కూలిపోకుండా నిలబడేంత తడి చేసి లోపల పెట్టాం. మనుషులు కనపడితే అది తవ్వడం మానేస్తుంది, అందుకని పంజరం చుట్టూ దుప్పటి కప్పి, మా ఆయన పాత ఫోన్ ఒకటి లోపల కెమెరాలా పెట్టారు. మొదటి రోజు రెండు గోతులు తవ్వి వదిలేసింది. రెండో రోజు ఒకటి తవ్వి అందులోకి దూరి మళ్లీ బయటికొచ్చింది. మూడో రోజు పొద్దుపోయాక ఫోన్‌లో చూస్తే తోక కొస తప్ప ఏమీ కనిపించలేదు, ఇసుక మాత్రం కొద్దికొద్దిగా కదులుతోంది. ఆ రాత్రి ముగ్గురం హాల్లోనే పడుకున్నాం. తెల్లారేసరికి గొయ్యి పూడ్చేసి, ఇసుక అంటిన మొహంతో, పక్కలు పీక్కుపోయి, కొమ్మ పట్టుకుని కూర్చుంది. తవ్వి చూస్తే ముప్పై ఒక్క గుడ్లు. తూస్తే 76 గ్రాములు. అత్తయ్య మావాడిని గట్టిగా కేకలేశారు, "బాలింతరాలురా అది, ఎవ్వరూ కదపకండి" అని. రెండు రోజులు నీళ్ల చుక్కలు పడుతూనే ఉంచాం, మూడో రోజు నుంచి పట్టుపురుగులు.

ఎక్కువ తింటే, ఎక్కువ వేడిలో ఉంటే గుడ్లు ఎక్కువ తయారవుతాయట. అందుకని ఒళ్లు కోలుకున్నాక రోజూ పెట్టడం మానేసి వారానికి మూడు రోజులు, రోజుకి మూడు నాలుగు పురుగులే పెడుతున్నాం. అడుగుతున్నట్టు చూస్తుంది, అయినా పెట్టం.

మొన్న అక్టోబర్‌లో మళ్లీ ఎక్స్‌రే తీయించాం. డాక్టరమ్మ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టింది. కొత్తదాంట్లో మావాడు స్క్రీన్ మీద వేలు పెట్టి వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు, తోక దాకా. ముందు కాళ్లు రెండూ వంకరగానే ఉండిపోయాయి, అవి ఇక తిన్నగా అవ్వవు. పట్టు మాత్రం వచ్చేసింది, చేతి మీదికి ఎక్కినప్పుడు ఆ వేళ్లు నా బొటనవేలిని బిగించి పట్టుకుంటే గోళ్లు చురుక్కుమని గుచ్చుకుంటున్నాయి.