బోల్టుకి ఎంత బొగ్గు?

బాలానగర్‌లో ఓ బోల్టుల షెడ్డులో లెక్కలు చూస్తాను. మొన్న జర్మనీ కస్టమర్ ఓ ఎక్సెల్ షీటు పంపాడు. రేటూ అడగలేదు, డెలివరీ డేటూ అడగలేదు. టన్ను బోల్టులకి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలారో రాయమన్నాడు!

యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబర్ నుంచి ఉక్కు, అల్యూమినియం, సిమెంటు లాంటి దిగుమతులకి ఈ లెక్క అడుగుతోంది. 2026లో వచ్చే సరుకు నుంచి దిగుమతిదారు దానికి డబ్బూ కట్టాలి. కట్టేది వాడే అయినా, రేటు తగ్గించమని మా మెడ మీదికే వస్తాడు కదా.

ఫర్నేసుకి కాల్చిన డీజిల్ బిల్లులు తీసి మా వాటా రాసేశాను. అది చిన్నదే. అసలు బరువంతా ఉక్కులో ఉంది. బ్లాస్ట్ ఫర్నేసులో బొగ్గుతో తీసిన ఉక్కైతే టన్నుకి రెండు టన్నుల పైనే గ్యాస్. తుక్కు కరిగించి కరెంటు కొలిమిలో చేసిందైతే దానికంటే చాలా తక్కువ. మేం బోల్టులు చేసే ఉక్కు చువ్వ, అదే వైర్ రాడ్, ఏ రకమో కనుక్కుందామని ఫోన్ చేస్తే, "ఏ కొలిమిదో నాకేం తెలుసన్నా, నేను డీలర్ని" అన్నాడు.

చైనా 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో చేరాక పదేళ్ళలో దాని ఉద్గారాలు రెట్టింపు దాటాయి. అందులో కొంత అమెరికా, యూరప్ ఇళ్ళకి చేరిన సామాన్లదే. మాదీ అదే వరస: బోల్టు హాంబర్గ్‌కి, పొగ మన ఖాతాకి. అలాగని ఆర్డరు వద్దనగలమా? షెడ్డులో జీతాలన్నీ దాని మీదే.

ఉక్కు గడి ఇంకా ఖాళీగానే ఉంది. శుక్రవారం దాకా టైమిచ్చాడు.