బత్తాయి రసం: ఏడోసారీ చేదే

పొద్దున ఐదున్నరకు ఫ్రిజ్ తీసి అమ్మకు అరగ్లాసు పోసిచ్చాను. మొదటి గుక్కకే ముఖం చిట్లించి గ్లాసు పక్కన పెట్టేసింది. రాత్రి తొమ్మిదికి పిండినప్పుడు తియ్యగా, కమ్మగా ఉన్న రసమే అది. ఏడోసారి కూడా ఇంతే అయ్యేసరికి నిజంగా ఏడుపొచ్చింది.

అమ్మకు రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు. విటమిన్ సి తోడుంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, టీతో వేసుకుంటే అంతగా పట్టదు. నల్గొండలో ఉంటూ, ఇంటి ముందుకే బత్తాయి బండి వస్తుంటే, దానికోసం ఇంకో మాత్ర ఎందుకు? 100 గ్రాముల పండులో దాదాపు 50 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్ద ఆడవాళ్లకు చెప్పింది రోజుకు 65. అంటే ఓ మోస్తరు గ్లాసుతో అయిపోతుంది. పండు పండుగా తింటే పీచు కూడా దక్కుతుంది, అదే మేలు, కానీ అమ్మ పళ్లు కదులుతున్నాయి, తొనలు నమలలేదు. నేనేమో ఆరింటి బస్సు పట్టుకోవాలి. అందుకే రాత్రే పిండి పెట్టాలని ఈ తిప్పలన్నీ.

ఈసారి గుర్రంపోడు వైపు తోటలో కోసిన కాయలు, మంగు పట్టినవి. పైన మట్టిరంగు గరుకు చూసి జనం వదిలేస్తారు గానీ లోపల రసానికేం కాదు, ధరా తక్కువ, నేనైతే అడిగి మరీ అవే తెచ్చుకుంటాను. పన్నెండు కాయలు, 2 కిలోల 300 గ్రాములు తూగాయి. మూడేసి చొప్పున నాలుగు సీసాలకు పంచాను.

మొదటి దానికి తొక్క తీసి తొనలు గింజలతో సహా మిక్సీలో తిప్పాను. రెండో దానికి గింజలు తీసి, తెల్ల పొర ఒలిచి, నాలుగు సెకన్లే తిప్పాను. మూడోది అడ్డంగా కోసి చేత్తో పిండేదాని మీద మెల్లగా, ఎక్కడా గట్టిగా అదమకుండా పిండి, వెంటనే పల్చటి గుడ్డలో వడగట్టాను. నాలుగోదీ అలాగే పిండి, 80 డిగ్రీలకు వేడిచేసి నిమిషం ఉంచి చన్నీళ్లలో చల్లార్చాను.

చేదుకు సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేసుకున్నా. తొమ్మిదింటికి మొదటి మూడూ సున్నా, వేడి చేసింది మాత్రం చల్లారేసరికే మూడు! పదకొండింటికి మిక్సీ రసం రెండు, పొర ఒలిచింది ఒకటి, చేత్తో పిండింది సున్నా. ఐదున్నరకు వరసగా నాలుగు, మూడు, రెండు, నాలుగు. అమ్మకిచ్చింది ఆ రెండు మార్కులదే, అన్నిటికన్నా మంచిది. నాలుక మీద మొదట తీపే, మింగాక గొంతు దగ్గర వేపపుల్ల నమిలినట్టు పట్టుకుంటుంది.

కారణం లిమోనిన్ అనే పదార్థం. పండులో ఉన్నంతసేపూ చేదు లేని రూపంలో ఉంటుంది, తొన పొర చిరిగి రసంలోని పులుపు తగిలితే గంటల మీద మెల్లగా చేదుగా మారుతుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా. పొరల్లోనూ గింజల్లోనూ ఎక్కువ. అందుకే వడగట్టింది కొంత నయం. కానీ వడగట్టినా రెండు మార్కులు ఎందుకొచ్చాయి? నా అనుమానం పిండేటప్పుడే పొర నలిగి లిమోనిన్ రసంలోకి దిగిపోతోందని, తర్వాత ఎంత వడగట్టినా లాభం లేదని. కాయలు ఇంకా పచ్చగా ఉండటం రెండో అనుమానం, చెట్టు మీద బాగా పండిన కాయలో ఇది తగ్గుతుంది.

రెండు చెంచాల చక్కెర వేసి చూశా, వెనక చేదు అలాగే ఉంది. చిటికెడు ఉప్పు వేస్తే తగ్గింది, నిజమే, కానీ అమ్మకు బీపీ. వంటసోడా వేస్తే పులుపు విరిగి చేదు తగ్గొచ్చు గానీ విటమిన్ సి తొందరగా పాడవుతుంది, దేనికోసం పిండుతున్నామో అదే పోగొట్టుకుంటే ఎట్లా? వేడి చేయడం కూడా ఇక వద్దనే అనుకున్నా.

సీసాల విషయంలో మాత్రం బొరోసిల్ గాజువే నాకిష్టం, వాసన పట్టవు. ఇక ఈ పనికి మిక్సీ కన్నా ఇరవై రూపాయల ప్లాస్టిక్ పిండేదే మేలు, ఎవరేమన్నా సరే. తొక్కలతో మురబ్బా మూడుసార్లు నీళ్లు మార్చి ఉడికిస్తే చక్కగా కుదిరింది.

ఎల్లుండి ఆదివారం దేవరకొండ వైపు పోతున్నా, పసుపు తిరిగిన కాయలు డజను చెట్టు నుంచే కోయించుకొస్తా. పిండిన పది నిమిషాల్లోనే ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించి, పొద్దున నాలుగు ముక్కలు గ్లాసులో వేసి గోరువెచ్చని నీళ్లు పోస్తే కరిగిపోవాలి. గడ్డలో ఆ మార్పు ఎంతవరకు ఆగుతుందో చూడాలి, పక్కనే ఫ్రిజ్‌లో పోలికకు ఓ సీసా పెడతా. ట్రే కడిగి ఆరబెట్టేశా.