బియాట్రిస్‌లో ఒక పెద్దావిడ, ఆవిడ ముత్తాత ఫైలు

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, లింకన్ నుంచి 77 హైవే మీద కిందికి దిగితే బియాట్రిస్ ఊరు గంట లోపే, దారంతా మొక్కజొన్న, సోయా, మళ్లీ మొక్కజొన్న. దిగిన మోటెల్‌లో వీకెండ్ అని రేటు పెంచేసి, టాక్స్ వేరే కట్టించుకుని, పొద్దున బ్రేక్‌ఫాస్ట్ అని చల్లారిన వాఫిల్ పెట్టారు, మూడ్ అప్పుడే పోయింది. ఊరి బయట హోమ్‌స్టెడ్ పార్కుకి మాత్రం టికెట్ లేదు, అదొక్కటే ఊరట.

నేను వెళ్లింది డేనియల్ ఫ్రీమన్ కోసం, ఆ పార్కు ఉన్నది ఆయన పొలంలోనే. 1862 నాటి అమెరికా హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాలు తీసుకుని ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే భూమి నీదే, ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. అది అమల్లోకి వచ్చిన 1863 జనవరి 1న, అర్ధరాత్రి దాటగానే బ్రౌన్‌విల్‌లో ల్యాండ్ ఆఫీసు తెరిపించి పేరు రాయించుకున్నాడని ఈయన గురించి చెప్తారు. భార్య ఆగ్నెస్ అసలు ఈయన సోదరుడికి అనుకున్న అమ్మాయి, అతను సివిల్ వార్‌లో పోయాడు, తర్వాత వీళ్లిద్దరికీ ఉత్తరాల్లోనే మాట కుదిరి 1865లో పెళ్లయింది. ఇద్దరి సమాధులూ ఆ పొలంలోనే ఉన్నాయి.

అక్కడ నిలబడితే సంతోషంగా ఏం అనిపించలేదు. ఇక్కడి ఆదివాసీ తెగ ఓటో-మిస్సోరియా వాళ్లు 1854 ఒప్పందంలో ఈ వైపు భూములు వదులుకుని బిగ్ బ్లూ నది దగ్గర తమకని వదిలిన చిన్న ప్రాంతంలో (రిజర్వేషన్ అంటారు) సర్దుకున్నారు, 1881లో అదీ పోయి ఓక్లహోమాకి వెళ్లాల్సొచ్చింది. ఫ్రీమన్‌కి పట్టా ఉంది, వాళ్లలో ఏ ఇంటాయన ఎక్కడ ఉండేవాడో చెప్పే ఫైలు ఏ ఆఫీసులో దొరుకుతుంది?

పార్కు భవనం లోపల కంప్యూటర్ల దగ్గర డెబ్బై దాటిన ఒకావిడ కూర్చుంది, జర్మనీ నుంచి వచ్చి ఇలాగే భూమి తీసుకున్న ముత్తాత ఫైలు కోసం వెతుకుతోంది. ఫైలు దొరికేసరికి పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా నా చెయ్యి పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. పట్టా ఇచ్చేముందు ఇద్దరు సాక్షులు చెప్పాలి కదా, ఇల్లు ఎన్ని అడుగులు, తలుపులెన్ని, కిటికీలెన్ని, బావి తవ్వాడా, ఎంత దున్నాడు, అన్నీ రాసి ఉన్నాయి. బయటి దేశం వాళ్లయితే సిటిజన్‌షిప్ కాగితం కూడా అందులోనే. ముత్తవ్వ పేరు మాత్రం లేదు, ‘భార్య’ అని ఉంది అంతే, ఆవిడకి చాలా కోపం వచ్చింది, నాకూ వచ్చింది. భూమికి క్లెయిమ్ వేసినవాళ్లలో చాలామంది పట్టా దాకా రాలేదట, ముత్తాత నిలబడ్డాడంటే అందులో ఈ పేరు లేని మనిషి కష్టం ఎంతుందో.

తర్వాత రెండో సాక్షి పేరు చదివి ఆవిడ ఆగిపోయింది. ఆ ఇంటిపేరు వాళ్ల నాయనమ్మ పుట్టింటిదట. అంటే పక్క పొలం ఆయన వచ్చి సాక్ష్యం చెప్పాడు, తర్వాత ఆ ఇంటి అమ్మాయే ఈ ఇంటికి కోడలైంది. ‘తాతా నాయనమ్మా ఎలా కలిశారో మా నాన్న తెలీదనేవాడు’ అని కళ్లు తుడుచుకుని అదే పేజీ ప్రింట్ తీయమంది. నేను ఫ్రీమన్ని వదిలేసి మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాను.

మాదీ అంతే, నల్లగొండ దగ్గర తాత కొన్న రెండెకరాలకి ఉన్నది సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని కొనుగోలు కాగితం, పహాణీలో (ఊరి భూమి రికార్డులో) పేరెక్కించడానికి నాన్న ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఎంత తిరిగాడో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ కాగితంలో సర్వే నంబరు తప్ప ఇంకేముందో నేనెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం ఫోన్ చేసి దాని మీద సాక్షులెవరు నాన్నా అంటే నిద్రలోంచి లేచినా టక్కున చెప్పాడు, ఒకటి ఊరి సుంకరి (గ్రామ సేవకుడు) వేలిముద్ర, ఇంకోటి మా మేనత్త మామగారి సంతకం, అప్పటికి మేనత్త పెళ్లి కూడా కాలేదట. ఫోటో తీసి పంపమన్నాను, పొద్దున పంపిస్తా అన్నాడు.