ధిక్కారంలో ఉన్నది ‘దిక్కు’ కాదు

‘ధిక్కారం’ అని రాయాల్సిన చోట చాలామంది ‘దిక్కారం’ అని రాస్తున్నరు. మాటల్లో ఒత్తు జారిపోవుడు మన దగ్గర మామూలే, అందులో తప్పు పట్టేదేం లేదు. రాతలో జారితే మాత్రం మాట పుట్టుకే మరుగున పడిపోతది. ఇందులో దిక్కు లేదు, ‘ధిక్’ ఉంది. సంస్కృతంలో ధిక్ అంటే ‘ఛీ’. ఓం అంటే ఓంకారం, హుం అంటే హుంకారం అయినట్టే, ధిక్ అంటే ధిక్కారం.

మొదట్లో ఈ ఛీ అనే హక్కు పైవాడిది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం 129వ శ్లోకంలో రాజు వేసే శిక్షలు వరసగా ఉంటయి. ముందు వాగ్దండం, అంటే నోటితో మందలింపు. తర్వాత ధిగ్దండం, ఛీకొట్టుడు. మూడోది జరిమానా, ఆఖరిది దేహశిక్ష. (పక్కన దకారం వచ్చింది కాబట్టి ధిక్ కాస్తా ధిగ్ అయింది.) రాజు నోట శిక్షగా ఉన్న ఆ మాటే, తెలుగులో రాజాజ్ఞకు తలవంచనివాడి సొంతమైంది. కప్పం కట్టేది లేదని కాకతీయ సైన్యానికి ఎదురు నిలిచిన సమ్మక్క కథ మేడారంలో చెప్పుకునేటప్పుడు, ధిక్కారం ఎవరిదని అడిగేవాళ్లుండరు.

మన ఊళ్లల్ల దీనికి సాటివచ్చే మాట ‘మర్లబడుడు’. మరలుడంటే తిరుగుడు. పొమ్మన్న వైపు పోకుండా వెనక్కి తిరిగి, మొఖం మీద మొఖం పెట్టి నిలబడుడు. ధిక్కారంలో నోరుంటే ఇందులో ఒళ్లంతా ఉంది, నాకు ఇదే బలంగా వినిపిస్తది. ‘మొండితనం’ ఆ లెక్కకు రాదు. మొండి కత్తి అంటే పదును పోయినది. చాక్లెట్ కోసం పిల్లగాడు మొండికేస్తడు, జిద్దు చేస్తడు, ధిక్కరించడు. ధిక్కారానికి ఎదురుగా ఒక అధికారం, దాని హుకుం ఉండాలె, తెలిసి తెలిసి దాన్ని కాదనాలె.

కోర్టు ధిక్కారంలో కీలకం ఇదే. 1971 చట్టం సెక్షన్ 2(బి) ప్రకారం ఉత్తర్వును కావాలని ఉల్లంఘిస్తేనే సివిల్ ధిక్కారం. ఉత్తర్వు సంగతే తెలియకనో, అమలు చేసే వీలే లేకనో ఆగిపోతే అది వేరు. శిక్ష గరిష్ఠంగా 6 నెలల సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ఇంకొకటి, విభక్తి. ‘ఉత్తర్వుకు ధిక్కరించిండు’ అనొద్దు, ‘ఉత్తర్వును ధిక్కరించిండు’ అనాలె. సంస్కృతంలో ధిక్ పక్కన వచ్చేది కూడా ద్వితీయే. ‘కు’ కావాలంటే ‘ఎదురుతిరుగుడు’ ఉంది. ‘మీద’ కావాలంటే మర్లబడుడే: దొర మీద మర్లబడ్డరు.