6.7 అంటే షుగరేనా?

ఒకే రిపోర్టు చూసి ఒక డాక్టరుగారు నాకు షుగర్ వచ్చేసిందన్నారు. ఇంకొకరు, ఉందనడానికీ లేదనడానికీ ఈ కాగితం చాలదన్నారు. ఇద్దరూ చూసింది అవే అంకెలు: పరగడుపున 108, టిఫిన్ తిన్న రెండు గంటలకి 146, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.7.

నేను విజయనగరంలో హైస్కూల్ టీచర్ని. వయసు 46. పరీక్షలకి వెళ్లింది నీరసం తట్టుకోలేక. పై అంతస్తులో ఉన్న తొమ్మిదో తరగతికి మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి, పిల్లల్ని ఏదో ఒకటి రాసుకోమని కాసేపు కుర్చీలో కూలబడేదాన్ని. దువ్వెన నిండా జుట్టే. పచ్చి బియ్యం నమలాలని ఒకటే యావ. వంటింట్లోకి వెళ్తే డబ్బాలోంచి నాలుగు గింజలు నోట్లో వేసుకోకుండా బయటికి వచ్చేదాన్ని కాదు. నెలసరి మొదలైతే వారం దాటినా తగ్గేది కాదు. మా అమ్మకి చాలా ఏళ్లుగా షుగర్ ఉంది కాబట్టి ఇంట్లో అందరి అనుమానం అటే పోయింది.

మొదటి డాక్టరుగారు పట్టుమని ఐదు నిమిషాలు కూడా చూడలేదు. "6.5 దాటిందమ్మా, టైప్ 2" అని షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ రాశారు. అదే రిపోర్టు రెండో పేజీలో హీమోగ్లోబిన్ 7.9 అని ఉంది. దానికో ఐరన్ మాత్ర రాసి ఊరుకున్నారు. రక్తం అంత తక్కువగా ఎందుకుందో అడగలేదు, నెలసరి గురించి అసలే అడగలేదు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు గోల. అన్నం బంద్. పొద్దున చోడి అంబలి, రాత్రి పుల్కాలు. రక్తం పట్టాలంటే బెల్లం, ఖర్జూరం తినమని మా పిన్ని. షుగర్ ఉన్న మనిషికి బెల్లం ఏమిటని మా ఆడపడుచు. ఇద్దరూ ఫోన్లోనే పోట్లాడుకున్నారు. మా ఆయన గ్లూకోమీటర్ కొనుక్కొచ్చి పూటపూటా వేలు పొడవడం మొదలుపెట్టారు. అది షుగర్ ఉన్నవాళ్లు రోజువారీ చూసుకోవడానికే గానీ, ఉందా లేదా తేల్చడానికి పనికిరాదట. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఒక్కొక్కరోజు ఏ అంకె వస్తుందోనన్న టెన్షన్‌కే నాకు గుండెదడ వచ్చేది.

నీరసం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. దాంతో విశాఖపట్నంలో ఒక ఎండోక్రైనాలజిస్టు, అంటే షుగర్, హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఫైలు తీసి మొదట చూసింది రెండో పేజీ.

"హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌కి అంటుకున్న చక్కెరమ్మా" అన్నారు. "ఆ కణం బతికేది సుమారు 120 రోజులు. అందుకే మూడు నెలల సగటు అంటాం. కణాల వయసే మారిపోతే ఈ లెక్క తప్పుతుంది. ఐరన్ లేనివాళ్లలో కొత్త కణాలు సరిగ్గా పుట్టవు, రక్తంలో పాతవాటి వాటా పెరుగుతుంది. షుగర్ పెరగకపోయినా ఈ అంకె పెరగొచ్చు. తలసీమియా, సికిల్ సెల్, కిడ్నీ జబ్బు, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లు, గర్భిణులు... వీళ్లెవరిలోనూ దీన్ని నమ్మి పేరు పెట్టకూడదు."

ఇంకో మాట కూడా చెప్పారు. అతిదాహం, మాటిమాటికీ మూత్రం, బరువు పడిపోవడం లాంటి లక్షణాలు స్పష్టంగా లేని మనిషికి ఒక్క అంకె చూసి డయాబెటిస్ అని రాయకూడదట. రెండు ఫలితాలు గీత దాటాలి. నాకు దాటింది ఒక్కటే, అదీ అనుమానించాల్సినది. పరగడుపు షుగర్‌కి గీత 126, నాది 108. ఇక తిన్నాక చేసే పరీక్ష అంటారా, ఆరోజు నేను తిన్నది మూడు ఇడ్లీలు. పూరీలు తిని ఉంటే ఇంకో అంకె వచ్చేది. రోగం తేల్చడానికి కావలసింది 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి, రెండు గంటలకి రక్తం ఇచ్చే పరీక్ష. అందులో 200 దాటితే డయాబెటిస్.

మెట్‌ఫార్మిన్ ఆపించి కొన్నాళ్లాగి రమ్మన్నారు. వచ్చేముందు మూడు రోజులు మామూలుగా అన్నం తినమన్నారు, పిండిపదార్థాలు బాగా తగ్గించుకుని వస్తే ఈ పరీక్ష కూడా తప్పు చెప్పొచ్చట. ఆ మూడు రోజులూ మా ఇంట్లో నన్ను చూసినవాళ్ల మొహాలు చూడాలి.

ఫలితం: పరగడుపున 106, గంటకి 198, రెండు గంటలకి 169. డయాబెటిస్ కాదు. అలాగని నిశ్చింత కూడా కాదు. రెండు గంటల అంకె 140 నుంచి 199 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు మెట్టు. గంటకి తీసిన అంకె ఎందుకని అడిగితే, అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2024లో దాన్నీ లెక్కలోకి తీసుకోమని సూచించిందన్నారు. గంటకి 155 దాటితే జాగ్రత్తపడాలి, 209 దాటితే డయాబెటిస్ అనుకోవాలి. అందరూ ఇంకా ఒప్పుకోలేదట.

ఈ గీతలు ఎవరు గీశారన్న ప్రశ్న అప్పుడే పట్టుకుంది నన్ను. మా అమ్మ పాత ఫైలు తీసి చూశాను. 1994లో ఆవిడ పరగడుపు షుగర్ 132. పక్కన డాక్టరుగారి చేతిరాతలో "బోర్డర్" అని ఉంది. ఆ రోజుల్లో గీత 140. 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణుల కమిటీ దాన్ని 126కి దించింది. కంటి లోపలి రక్తనాళాలు ఏ స్థాయి నుంచి దెబ్బతింటున్నాయో చూసి, గ్లూకోజ్ పరీక్షకీ పరగడుపు పరీక్షకీ పొంతన కుదిరేలా గీత మార్చారు. అదే 132తో మా అమ్మ ఇంకో నాలుగేళ్లాగి వెళ్లి ఉంటే షుగర్ పేషెంట్ అయ్యేది. హెచ్‌బీఏ1సీ 6.5ని కూడా ఆ సంస్థ 2010లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒప్పుకున్నాయి. అంతకుముందు దాన్ని మందులు పనిచేస్తున్నాయో లేదో చూడటానికే వాడేవాళ్లు.

ఇక ప్రీడయాబెటిస్ దగ్గర దేశానికో లెక్క. పరగడుపున 100 దాటితే చాలు అమెరికా వాళ్లకి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి 110 రావాలి. అంటే ఆ ఒక్క పరీక్ష వరకు నా 106 ఒకరికి జబ్బు అంచు, ఇంకొకరికి మామూలు. మా పెద్దమ్మ కూతురు ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడ హెచ్‌బీఏ1సీని వేరే కొలతలో ఇస్తారు. దాని రిపోర్టులో 41 అని ఉంటే నార్మల్ అన్నారట. మన లెక్కలో అది 5.9. ఇక్కడి ల్యాబ్ అయితే 5.7 దాటిందని బోల్డ్ అక్షరాల్లో ప్రీడయాబెటిక్ అని అచ్చేసి చేతిలో పెట్టేది. పరీక్షలో 34 వచ్చిన పిల్లాడికీ 35 వచ్చిన పిల్లాడికీ మధ్య ఉన్న తేడా ఎంతటిదో పేపర్లు దిద్దేవాళ్లకి తెలుసు, ఇదీ అలాంటిదే.

అలాగని ప్రీడయాబెటిస్ అంతా మందుల కంపెనీల మాయ అనే వాదన నాకు రుచించదు. మా స్టాఫ్‌రూమ్‌లో ఒక మాస్టారు రోజూ అదే పాట. చెన్నైలో ఇలాంటివాళ్ల మీదే చేసిన ఒక అధ్యయనం 2006లో వచ్చింది. ఏ సాయమూ లేకుండా వదిలేసిన వాళ్లలో మూడేళ్లలో 55 శాతం మందికి డయాబెటిస్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో ఆ ముప్పు 28.5 శాతం తగ్గింది. మన శరీరాలకి ఆ అంచు నిజమైనదే. నా అభ్యంతరం వేరే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్న దేశంలో, హీమోగ్లోబిన్ చూడకుండా హెచ్‌బీఏ1సీ ఒక్కటే చూసి జీవితకాలపు పేరు తగిలించడం.

అసలు జబ్బు గర్భసంచిలో ఉంది. స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్, అంటే కండగడ్డ కనిపించింది. "పిల్లలు పుట్టేశారుగా, తీయించేసుకో" అన్నవాళ్లే ఎక్కువ. దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్నది మన రెండు రాష్ట్రాల్లోనే కాబట్టి ఆ సలహా నాకు వింతగా అనిపించలేదు. గైనకాలజిస్టు ఆ తొందర లేదన్నారు. రక్తస్రావం తగ్గడానికి గర్భసంచిలో హార్మోన్ లూప్ వేశారు, ఐరన్ సెలైన్‌లో కలిపి ఎక్కించారు. నెల తిరిగేసరికి మెట్లు మామూలుగా ఎక్కుతున్నాను. బియ్యం మీద యావ ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు.

ఆ తర్వాత చేసిన పరీక్షలో హీమోగ్లోబిన్ 11.8, హెచ్‌బీఏ1సీ 5.4. మా ఆయన ఆ సంతోషంలో మాడుగుల హల్వా తెచ్చారు. విశాఖ డాక్టరుగారు మాత్రం తల అడ్డంగా ఊపారు. ఐరన్ ఎక్కించాక కొత్త కణాలు ఒక్కసారిగా పుట్టుకొస్తాయి, వాటికి చక్కెర అంటుకునేంత వయసు ఉండదు, కాబట్టి ఈసారి అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తోంది అన్నారు. అప్పుడు 6.7 ఎంత నమ్మకమో ఇప్పుడు 5.4 కూడా అంతేనన్నమాట. హల్వా మాత్రం పారేయలేదు.

రక్తం కుదురుకున్నాక మళ్లీ చూస్తే 6.1. గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి 152. మందు లేదు. సాయంత్రం స్కూల్ నుంచి నడిచే వస్తున్నాను, రాత్రి అన్నం సగానికి తగ్గింది, కూర పెరిగింది. ఏడాదికోసారి పరీక్ష; ఆ చీటీలో బ్లడ్ కౌంట్ కూడా రాయించుకుంటున్నాను.

ఆ మొదటి చీటీలోని "టైప్ 2" మాత్రం వదల్లేదు. మొన్న హెల్త్ ఇన్సూరెన్స్‌కి దరఖాస్తు పెడితే, డయాబెటిస్ ఉందా అన్న చోట అవును, కాదు అని రెండే గళ్లు ఉన్నాయి. ఏజెంట్ "కాదు అని కొట్టేయండి మేడమ్" అన్నాడు. నేను అన్ని రిపోర్టులూ జతచేసి, పక్కన ప్రీడయాబెటిస్ అని రాశాను. ప్రీమియం పెంచి పాలసీ ఇచ్చారు.