ఏడో నంబరు ఆరో నంబరైన రాత్రి

పొద్దున తొమ్మిదిన్నరకి షట్టర్ ఎత్తి, దేవుడి పటం దగ్గర అగరొత్తి వెలిగించి, కంప్యూటర్ ఆన్ చేశాను. రోజూ అయితే విండోసా, లైనక్సా అని అడుగుతూ మెనూ వస్తుంది. ఆవేళ నల్లటి తెర మీద మూడే లైన్లు. మొదటిది ‘ఎర్రర్: నో సచ్ పార్టిషన్’, అంటే డిస్క్‌లో అలాంటి భాగం లేదని. చివరిది ‘గ్రబ్ రెస్క్యూ’ అని, పక్కన మినుకు మినుకుమంటూ కర్సర్.

మాది తెనాలిలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. మూఢం వెళ్లిపోయి ముహూర్తాలు మొదలయ్యే రోజులు. చేతిలో తొమ్మిది శుభలేఖల పని ఉంది. పదకొండింటికి ఒక పెళ్లికూతురి తండ్రి ప్రూఫ్ చూసుకోడానికి వస్తానన్నాడు. పన్నెండేళ్ల శుభలేఖలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు అన్నీ డీ డ్రైవ్‌లోనే ఉన్నాయి. బ్యాకప్ సంగతి అడక్కండి.

అసలు ఒకే మెషీన్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎందుకొచ్చాయో చెప్పాలి. నా కంప్యూటర్ 2013లో కొన్నది, మూడో తరం ఐ3, నాలుగు జీబీ ర్యామ్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం గానీ ఆ తర్వాతిది గానీ ప్రాసెసర్ ఉండాలి. నా దాంట్లో రెండూ లేవు. పోనీ మొత్తం లైనక్స్‌కి మారిపోదామంటే నా దగ్గరున్న అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ విండోస్ మీదే నడుస్తాయి. ఇరవై ఏళ్లుగా ‘ఆపిల్’ అనే తెలుగు కీబోర్డు అమరికకి అలవాటుపడ్డ వేళ్లు నావి. అందుకని మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చినప్పుడు ఒక ఏర్పాటు చేసిపెట్టాడు. డీటీపీ పని విండోస్‌లో, నెట్ కనెక్షన్ లేకుండా. నెట్‌తో పనిబడితే మింట్ అనే రకం లైనక్స్‌లో. నెల రోజులు బాగానే నడిచింది.

ముందురోజు రాత్రి నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, డీ డ్రైవ్ నిండిపోయిందని విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఈ (E) డ్రైవ్‌లో ఉన్న నాలుగు ఫైళ్లు పక్కకి తీసి, ఆ ఈ (E) డ్రైవ్‌ని డిలీట్ చేసి, ఆ జాగా డీకి కలిపేశాను. లైనక్స్ ఉన్న భాగం జోలికి పోలేదు. డీ పెద్దదైంది, ఫైళ్లు చక్కగా కనిపించాయి. తృప్తిగా షట్‌డౌన్ చేసి ఇంటికెళ్లి పడుకున్నాను.

మా సందు చివర రిపేర్లు చేసే కుర్రాణ్ని పిలిచాను. నిలబడే చూసి, “హార్డ్ డిస్క్ పోయినట్టుంది బాబాయ్, ఫార్మాట్ కొట్టేద్దాం, డేటాకి మాత్రం గ్యారంటీ లేదు” అన్నాడు. వాణ్ని పంపించి, తెర ఫోటో తీసి మేనల్లుడికి వాట్సాప్‌లో పెట్టాను. రెండు నిమిషాల్లో ఫోన్.

“మామయ్యా, ఎవర్నీ ఫార్మాట్ కొట్టనివ్వకు. నిన్న ఏం చేశావో దాచకుండా చెప్పు.”

చెప్పాను. అవతల నవ్వు. “నీ డేటా ఎక్కడికీ పోలేదు. ఇంటి నంబరు మారిపోయిందంతే.”

“ఏ ఇంటి నంబరురా? అవతల పార్టీ వస్తోంది.”

“అరగంట టైమివ్వు. కాయితం, పెన్ను తీసుకో.”

ఆ అరగంటలో వాడు చెప్పింది విన్నాక తెలిసింది, ఇన్నేళ్లుగా నేను నొక్కుతున్న పవర్ బటన్ వెనక ఏం జరుగుతోందో. ఆన్ చేయగానే ప్రాసెసర్‌కి విండోస్ తెలీదు, లైనక్స్ తెలీదు, డిస్క్‌లో ఫైళ్లుంటాయన్న సంగతే తెలీదు. మదర్‌బోర్డు మీద చిప్‌లో ఉన్న బయోస్ అనే ప్రోగ్రామ్ ముందు లేస్తుంది. ర్యామ్, కీబోర్డు, డిస్క్ ఉన్నాయో లేవో చూసుకుంటుంది. తర్వాత డిస్క్‌లో మొట్టమొదటి సెక్టార్, అంటే మొదటి చిన్న గడి, చదువుతుంది. దాని సైజు 512 బైట్లు, అంటే తెలుగులో రెండు మూడు వాక్యాలు పట్టేంత. అందులో 446 బైట్లు ప్రోగ్రామ్‌కి, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకి, చివరి రెండు బైట్లు ‘ఇది బూట్ సెక్టారే’ అని చెప్పే ముద్రకి. 64 బైట్లలో నాలుగు పార్టిషన్ల వివరాలే పడతాయి. 1983లో డాస్ 2.0 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన పద్ధతి ఇది. నా షాపులో ఇంకా అదే నడుస్తోంది.

నాలుగు చాలనివాళ్ల కోసం తర్వాత ఒక ఉపాయం కనిపెట్టారు. ఒక పార్టిషన్‌ని ‘ఎక్స్‌టెండెడ్’ అని పెట్టి, దాని లోపల లాజికల్ పార్టిషన్లు గొలుసులా కట్టుకోవచ్చు. ఒక్కోదాని ముందు చిన్న చీటీ ఉంటుంది, తర్వాతది ఎక్కడుందో అందులో రాసి ఉంటుంది. లైనక్స్ వీటిని 5 నుంచి వరసగా లెక్కపెడుతుంది. నా డిస్క్‌లో డీ ఐదోది, ఈ (E) ఆరోది, లైనక్స్ ఏడోది. దర్శనం క్యూలో ఆరో మనిషి లేచి వెళ్లిపోతే ఏడోవాడు ఆరోవాడవుతాడు కదా, అదే జరిగింది. లైనక్స్ ఉన్నచోటే ఉంది, నంబరు మాత్రం ఏడు నుంచి ఆరుకి దిగింది.

ఆ 446 బైట్లలో ఉన్నది గ్రబ్ అనే బూట్‌లోడర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్, తాలూకు మొదటి ముక్క. అంత చిన్న జాగాలో అదేం చేయగలదు? తన రెండో ముక్కని లేపుతుంది. ఆ రెండోది మొదటి పార్టిషన్ మొదలయ్యేలోపు ఉండే ఖాళీలో దాక్కుని ఉంటుంది. మెనూ గీయడం, విండోస్‌ని లేపడం లాంటి మిగతా విద్యలన్నీ లైనక్స్ పార్టిషన్ లోపల ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్ ‘ఏడో పార్టిషన్‌లో ఉంది’ అని ఇన్‌స్టాల్ చేసిన రోజే రెండో ముక్కలో రాసిపెట్టేశారు. పొద్దున అది ఏడో ఇంటి తలుపు కొట్టబోయింది. ఏడో ఇల్లే లేదు. పాపం దానికి వచ్చిన నాలుగు మాటలతో నన్ను పలకరించింది.

“ఇప్పుడు ఎల్, ఎస్ కొట్టి ఎంటర్ నొక్కు” అన్నాడు. బ్రాకెట్లలో పేర్లు వచ్చాయి. హెచ్‌డీ0, దాని పక్కన కామా, ఎంఎస్‌డాస్1, 2, 5, 6. “డాస్ ఏంట్రా ఇక్కడ?” అంటే, “ఆ పట్టిక పద్ధతి పేరు మామయ్యా, నువ్వు కంగారుపడకు” అన్నాడు. ఒక్కొక్కటే తెరిచి చూడమన్నాడు. ముందు ఐదోది, అంటే నా డీ డ్రైవ్. బ్రాకెట్ తెరిచి, పేరు కొట్టి, బ్రాకెట్ మూసి, చివర ఏటవాలు గీత పెట్టి ఎంటర్ కొట్టాను.

‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్’ అంది.

నా కాళ్ల కింద భూమి కదిలిపోయింది. పన్నెండేళ్ల పని. “పోయిందిరా” అన్నాను. వాడు నింపాదిగా, “పోలేదు. అది ఎన్‌టీఎఫ్‌ఎస్, విండోస్ భాష. ఆ రెండో ముక్కకి లైనక్స్ భాష ఒక్కటే నేర్పి పంపారు. ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడం నేర్పే పుస్తకం కూడా ఆ దొరకని ఫోల్డర్‌లోనే ఉంది. నాకు తెలీదంటోంది గానీ లేదనట్లేదు, సరిగ్గా చదువు” అన్నాడు. ఆ పొద్దున నిజంగా ఊపిరి తీసుకున్నది అప్పుడే. ఫార్మాట్ కొట్టేద్దామన్న కుర్రాడు ఇంకో పది నిమిషాలు ఇక్కడే ఉండుంటే ఈ మాట చూసి సరే అనేసేవాణ్నే.

ఆరోది తెరిస్తే ఫోల్డర్ల పేర్లు వరసగా రాలాయి. అందులో ‘బూట్’ కూడా ఉంది. దొరికింది. ఇక కొత్త చిరునామా చెప్పాలి. సెట్ ప్రిఫిక్స్ అని కొట్టి, ఈక్వల్ గుర్తు పెట్టి, ఆరో పార్టిషన్, బూట్, గ్రబ్ అని దారి రాయాలి. రాశాను, ఎర్రర్. మళ్లీ రాశాను, మళ్లీ ఎర్రర్. ఫోటో పెడితే తప్పు దొరికింది. చూడ్డానికి బాగుంటుందని ఈక్వల్ గుర్తుకి అటూ ఇటూ స్పేస్ ఇచ్చాను. డీటీపీ వాడి బుద్ధి. స్పేస్ తీసేసి కొడితే కిమ్మనకుండా తర్వాతి లైన్‌కి దిగింది. ఏమీ అనకపోతే పని అయినట్టేనట. తర్వాత ‘ఇన్స్‌మాడ్ నార్మల్’, ఆ తర్వాత ఒక్క మాట, ‘నార్మల్’.

మెనూ వచ్చింది. పదకొండుకి పది నిమిషాలుంది.

“విండోస్‌లోకి వెళ్లకు మామయ్యా, ముందు లైనక్స్ తెరువు” అని వాడంటూనే ఉన్నాడు, నేను విండోస్ మీద ఎంటర్ కొట్టేశాను. డీ డ్రైవ్ కళ్లారా చూస్తే గానీ మనసు ఒప్పదు కదా. తెరిచాను, అన్నీ ఉన్నాయి. పెళ్లికూతురి తండ్రి వచ్చాడు, ప్రూఫ్‌లో వాళ్ల వియ్యంకుడి ఇంటిపేరులో ఒత్తు తప్పు పట్టుకున్నాడు, దిద్ది ఇచ్చాను. ఆయన వెళ్లాక రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే నల్లతెర. నేను కొట్టిన కొత్త చిరునామా ర్యామ్‌లోనే ఉండింది, రీస్టార్ట్‌తో పోయింది. డిస్క్ మీద ఇంకా ఏడు అనే రాసుంది. రెండోసారి ఫోన్ లేకుండా, కాయితం చూసి నేనే కొట్టుకున్నాను. చేయి తిరిగినవాడిలా నాలుగు లైన్లు కొట్టేశానని కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఈసారి లైనక్స్ ఎంచుకున్నాను. బొమ్మ వస్తుండగా ఎస్కేప్ నొక్కమన్నాడు, వెనక పరిగెడుతున్న అక్షరాలు కనిపిస్తాయని. గ్రబ్ ఇక్కడ రెండు వస్తువులు ర్యామ్‌లోకి ఎత్తి పక్కకి తప్పుకుంటుంది. ఒకటి కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ, రెండోది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూట. ఈ మూట ఎందుకని అడిగాను. డిస్క్ చదవాలంటే డ్రైవర్ కావాలి, ఆ డ్రైవరేమో డిస్క్‌లోనే ఉండొచ్చు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు. అందుకే కావలసిన డ్రైవర్లు మూటగట్టి ముందే ర్యామ్‌లో పెడతారు. వాటితో కెర్నల్ అసలు పార్టిషన్‌ని తెరిచి, సిస్టమ్‌డీ అనే మొదటి ప్రాసెస్‌ని లేపుతుంది. దాని నంబరు 1. నెట్, ప్రింటర్, లాగిన్ తెర, మిగతా సంసారమంతా అది చూసుకుంటుంది.

నాకొక అనుమానం వచ్చింది. నంబరు మారింది కదా, మరి కెర్నల్‌కి ఇల్లు ఎలా దొరికింది? అది ఇంటి నంబరుతో వెతకదట. పార్టిషన్‌ని ఫార్మాట్ చేసినప్పుడే దానికి యూయూఐడీ అని పొడుగాటి నంబరొకటి పడుతుంది, ఆధార్ లాంటిది. ఇల్లు మారినా అది మారదు. గ్రబ్ మెనూ ఫైల్‌లోనూ అదే ఉంటుంది. ఆ రెండో ముక్క ఒక్కటే పాత ఇంటి నంబరు పట్టుకుని కూర్చుంది.

మిగిలింది చిన్న పనే. లైనక్స్‌లో కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్ డిస్క్ మొత్తానికి కొట్టడం, ఆ తర్వాత అప్‌డేట్ గ్రబ్. పార్టిషన్ నంబరు కాకుండా డిస్క్ పేరే ఇవ్వాలని వాడు రెండుసార్లు చెప్పాడు. ‘నో ఎర్రర్ రిపోర్టెడ్’ అని వచ్చింది. రీస్టార్ట్ చేశాను, మెనూ తనంతట తనే వచ్చింది.

పనిలో పనిగా ఇంకోటి కూడా అడిగేశాను. లైనక్స్ పెట్టిన దగ్గర్నుంచి విండోస్ గడియారం అప్పుడప్పుడూ ఐదున్నర గంటలు వెనక్కి వెళ్తోంది. పొద్దున పదింటికి ఇచ్చిన బిల్లు మీద నాలుగున్నర అని పడితే, “తెల్లారకుండానే షాపు తీస్తున్నారేంటండీ” అని ఒకాయన వేళాకోళం కూడా చేశాడు. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయిందనుకుని మార్చాను కూడా, యాభై రూపాయలు దండగ. విషయమేమిటంటే మదర్‌బోర్డులో ఉన్న గడియారం ఒక్కటే. అందులో గ్రీనిచ్ టైముందని లైనక్స్ అనుకుంటుంది, మన టైముందని విండోస్ అనుకుంటుంది. ఒకరు దిద్దింది రెండోవారికి తప్పుగా కనిపిస్తుంది. లైనక్స్‌లో ఒక్క లైన్ కొట్టించి దాన్నీ మన టైముకే కట్టేశాడు. ఇలా చేయొద్దని లైనక్సే ఒక హెచ్చరిక చూపించింది గానీ, బిల్లుల విషయంలో దాని మాట వినదలచుకోలేదు.

ఆ నాలుగు లైన్ల కాయితం సీపీయూ పక్కన టేపేసి అంటించాను. సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు.

“మామయ్యా, పార్టిషన్ల పట్టికకి జీపీటీ అని కొత్త పద్ధతి ఉంది. అందులో ఈ గొలుసు గొడవ లేదు, ఒకటి తీసేస్తే ఇంకోదాని నంబరు మారదు. కాకపోతే దాంట్లోంచి విండోస్ లేవాలంటే నీ బోర్డులో బయోస్ బదులు వచ్చిన యూఈఎఫ్‌ఐ ఉండాలి. చూసి మార్చేద్దామా?”

“ముందు డీ డ్రైవ్ కాపీ చేసుకోడానికి ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ చూడరా. మార్చడాలూ గీర్చడాలూ ముహూర్తాలయ్యాక.”

“డిస్క్ మేనేజ్‌మెంట్ మాత్రం ముట్టుకోకు.”

“ముట్టుకోను” అన్నాను. ఆ ఐకాన్ ఎక్కడుందో మాత్రం నాకు తెలుసు.